అవక్షేప శిలలనుండి భూతాప శక్తి: మానవపాడు నేలపై ఒక పరిశీలన

ఆధునిక యుగంలో ఒక దేశపు ప్రగతిని కొలిచే కొలబద్దలలో విద్యుచ్ఛక్తి ముఖ్యమైనది. బొగ్గు తవ్వినకొద్దీ తరిగిపోతుంది. జలవిద్యుత్తు వానల దయపై ఆధారపడి ఉంటుంది. సూర్యరశ్మి పగలు పుష్కలంగా లభించినా రాత్రివేళ లభించదు. ఈ లోపాలు లేక, రేయింబవళ్ళు, అన్ని ఋతువులలో లభించగల శక్తి ఏదైనా కలదా అని వెదకిన శాస్త్రజ్ఞుల దృష్టి మన పాదాలక్రింది భూమిపైననే నిలిచినది. భూగర్భంలోని ఈ వేడినే భూతాప శక్తి అంటాము.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, జోగులాంబ గద్వాల జిల్లాలోని మానవపాడు ప్రాంతంలో సున్నపురాయి మొదలైన అవక్షేప శిలలు ఉన్నవి. అట్టి శిలలనుండి వేడిని వెలికితీసే ప్రయత్నాలు విదేశాలలో జరిగినవి. కనుక “మన నేలనుండి కూడ విద్యుత్తు తీయవచ్చునా?” అనే ప్రశ్న ఇక్కడి విద్యార్థికి సహజంగానే కలుగుతుంది. దానికి ఆశతోను, నిరాశతోను కాక, లెక్కతో సమాధానం వెదకుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

1. భూమిలోని వేడి ఎక్కడిది?

భూమి ఏర్పడిన నాటి వేడి కొంత ఇంకను లోపల మిగిలియున్నది. శిలలలోని యురేనియం, థోరియం, పొటాషియం ధాతువుల రేడియోధార్మిక క్షయంవల్ల మరికొంత వేడి నిత్యం పుట్టుచున్నది. ఈ వేడి మెల్లమెల్లగా పైకి ప్రవహిస్తుంది. అందుచేత లోతుకు పోయినకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది. ఖండాలపై సాధారణంగా ఒక కిలోమీటరు లోతుకు 25నుండి 30 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఈ పెరుగుదల ఉంటుంది. దీనిని ఉష్ణోగ్రతా ప్రవణత అంటారు.

అయితే నేలకు కొద్ది మీటర్ల లోతున ఉన్న స్థితి వేరు. అక్కడి ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు సాంవత్సరిక సగటుకు దగ్గరగా, ఏడాది పొడవునా దాదాపు మారక ఉంటుంది. బావినీరు చలికాలపు ఉదయం గోరువెచ్చగాను, ఎండాకాలంలో చల్లగాను తోచుటకు ఇదియే కారణం. పాత హవేలీలలో తహ్‌ఖానాలు కట్టుకొనుటలోని ఔచిత్యమూ ఇదియే. బోరునీరు వెచ్చగా వచ్చినంత మాత్రాన అడుగున గొప్ప ఉష్ణనిధి కలదని భావించరాదు.

2. సహజ పద్ధతి, మెరుగుపరచిన పద్ధతి

భూతాపంనుండి విద్యుత్తు తీయుటకు మూడు వస్తువులు కావలెను: వేడి, ఆ వేడిని మోసుకొనివచ్చే నీరు, ఆ నీరు నడిచే దారులు. ఈ మూడును ప్రకృతి స్వయంగా సమకూర్చిన చోట్లు కొన్ని కలవు. ఇటలీలోని లార్డెరెల్లోలో 1904వ సంవత్సరంలో ప్రిన్స్ పియరో జినోరి కాంటి భూగర్భపు ఆవిరితో అయిదు విద్యుద్దీపాలు వెలిగించినాడు. ఈ శక్తి చరిత్రలో అది తొలి అధ్యాయం.

వేడి మాత్రముండి, నీరుగాని దారులుగాని చాలని చోట్ల మానవుడు ఆ కొరత తీర్చవలసి ఉంటుంది. లోతైన బోరు వేసి, అధిక పీడనంతో నీటిని పంపి, శిలలోని సన్నని పగుళ్ళను విప్పుతారు. ఒక బోరుగుండా చన్నీటిని లోపలికి పంపి, వేడెక్కిన నీటిని మరొక బోరుగుండా పైకి తీస్తారు. దీనినే మెరుగుపరచిన భూతాప పద్ధతి అంటారు. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, ఫెంటన్ హిల్ అనుచోట 1970వ దశకంలో ఈ ప్రయోగం తొలుత గ్రానైట్ వంటి కఠినశిలలలో ప్రారంభమైనది.

3. అవక్షేప శిలలపై ఆసక్తి ఎందుకు?

నదులు, సముద్రాలు మోసుకొనివచ్చిన ఇసుక, బంకమన్ను, సున్నం పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడగా అవక్షేప శిలలు ఏర్పడినవి. ఇసుకరాయి, సున్నపురాయి, షేల్ అనే పలుచని పొరల బంకరాయి ఈ జాతికి చెందినవి. మన ఇండ్లలో పరచుకొనే నాపరాయి కూడ సున్నపురాయియే.

ఈ శిలలకు మూడు అనుకూలతలు కలవు. ఇసుకరాయిలో రేణువుల నడుమ ఖాళీలు ఉండుటచే నీరు నిలువగలదు, నడువగలదు. పొరలు విశాలంగా పరచుకొని ఉండుటచే ఒకచోట తెలిసిన విషయం మరొకచోటికి కొంత అన్వయిస్తుంది. బొగ్గు, చమురు, గ్యాసు కొరకు ఇదివరకే వేసిన బోర్ల సమాచారం చేతిలో ఉంటుంది.

జర్మనీలో బెర్లిన్ నగరానికి ఉత్తరాన గ్రోస్ షోనెబెక్ అనుచోట ఒక పాత గ్యాసు బోరును తిరిగి తెరచి శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేసినారు. నాలుగు కిలోమీటర్లకు మించిన లోతున, దాదాపు 150 డిగ్రీల వేడిగల ఇసుకరాయి మొదలైన పొరలలో నీటి పీడనంతో దారులు తెరచినారు. నీటి దిగుబడి మొదట పెరిగినది గాని కాలక్రమేణ తగ్గిపోయినది. తెరచిన దారిని తెరచియుంచుట, తెరచుటకంటె కష్టమని ఈ ప్రయోగం నేర్పిన పాఠం.

ఫ్రాన్సులో పారిస్ పరిసరాలలో మరొక దృష్టాంతం కలదు. అక్కడ ఒకటిన్నరనుండి రెండు కిలోమీటర్ల లోతున గల సున్నపురాయి పొరలలో సహజంగానే వేడినీరు ఉన్నది. 1969లో మెలున్ పట్టణంలో ఆరంభించి, ఆ నీటితో వేలాది ఇండ్లకు చలికాలపు వెచ్చదనం సమకూర్చుచున్నారు. అక్కడ ఆ వేడిని విద్యుత్తుగా మార్చుటకంటె వేడిగానే వాడుట లాభమైనది. ఏ వేడి ఏ పనికి తగును అనే వివేచన ఇందులో గమనించదగినది.

4. మానవపాడు నేల స్వభావం

1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాసమూహాలపై గొప్ప గ్రంథం వ్రాసినాడు. ఆ కర్నూలు సమూహంలో క్వార్ట్‌జైట్, నర్జి సున్నపురాయి, షేల్ మొదలైన పొరలు కలవు. ఆ సమూహపు వాయవ్య అంచు తుంగభద్రను దాటి అలంపురం, మానవపాడు వైపునకు వచ్చుచున్నది. గద్వాల దిశగా పోయినకొద్దీ గ్రానైట్, నైస్ వంటి ప్రాచీన కఠినశిలలు నేలపైనే కనబడతవి.

ఇక్కడ రెండు విషయాలు ముఖ్యం. మొదటిది మందం. పాత్ర మధ్యలో లోతుగాను, అంచువద్ద పలుచగాను ఉండునట్లు, ఈ శిలలు అంచున పలుచబడతవి. కర్నూలు సమూహపు మందం కొన్ని వందల మీటర్లకు మించదు. దాని అడుగున ఉన్నది కఠినశిలయే. కనుక కిలోమీటర్ల లోతున ఉండే వేడి ఇక్కడ అవక్షేప శిలలో ఉండదు. దాని క్రింది గ్రానైట్‌లో ఉంటుంది.

రెండవది వయస్సు. ఇవి కోట్లాది సంవత్సరాల క్రిందటి బహు ప్రాచీన శిలలు. ఒకనాటి ఇసుకరేణువులు అతుకుకొనిపోయి క్వార్ట్‌జైట్ అయినవి. నడుమనుండిన ఖాళీలు మూసుకొనిపోయినవి. సున్నపురాయిలో మాత్రం నీరు కరగించిన బిలాలు ఉండవచ్చును. ఇదే నర్జి సున్నపురాయిలో బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా సాగినవి. అయితే అట్టి బిలాలు నేలకు దగ్గరగా ఏర్పడేవి. వేడి చాలని ఆ లోతులో దారులున్నను విద్యుత్తుకు ప్రయోజనం లేదు. పైగా పంపిన నీరు ఎటు పోవునో చెప్పుట కష్టం.

5. లెక్క ఏమి చెప్పుచున్నది?

హైదరాబాదులో 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దక్షిణ భారతంలో అనేక బోర్లలో ఉష్ణోగ్రతలు కొలిచినారు. ధార్వార్ ప్రాచీన శిలాఫలకంలో పైకి వచ్చే వేడి, ఖండాల సగటుకంటె చాల తక్కువని వారి పరిశీలనలవల్ల తెలిసినది. ఖండాల సగటు చదరపు మీటరుకు సుమారు 65 మిల్లీవాట్లు కాగా, ఈ ఫలకంలో అది సుమారు 40 మిల్లీవాట్ల పరిసరాలలోనో అంతకు తక్కువగానో ఉన్నది. మానవపాడుకు 40 అనే అంకెను తీసుకొని లెక్కింతము.

గ్రానైట్ ఉష్ణవాహకతను 3గా తీసుకొంటే, 40ని 3చే భాగించగా కిలోమీటరుకు సుమారు 13 డిగ్రీల పెరుగుదల వచ్చును. నేలపై సగటు 30 డిగ్రీలు అనుకొంటే 3 కిలోమీటర్ల లోతున దాదాపు 70 డిగ్రీలు మాత్రమే ఉంటుంది. 150 డిగ్రీలు కావలెనంటే 9 కిలోమీటర్లకు పైగా త్రవ్వవలెను. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 12 కిలోమీటర్ల బోరు వేయుటకు దాదాపు ఇరువది సంవత్సరాలు పట్టిన సంగతి ఇక్కడ స్మరించదగినది.

ఇదే లెక్కను ఎకరానికి చూడవచ్చును. ఒక ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు. ఎకరం నేలనుండి పైకి వచ్చే మొత్తం వేడి 160 వాట్లకు కొంచెం అటూ ఇటూ. రెండు పాత సీలింగు ఫ్యాన్లు తీసుకొనేంత శక్తి ఇది. అదే ఎకరంలో సౌరఫలకాలు పరచితే మంచి ఎండలో సుమారు 200 కిలోవాట్లు లభిస్తవి. కనుక భూతాప కేంద్రం నిత్యం పైకి వచ్చే వేడిపై నడువదు. యుగాలుగా శిలలో నిలువ చేరిన వేడిని త్రవ్వి తీస్తుంది. ఆ చోటి శిల కొన్ని దశాబ్దాలకు చల్లబడుతుంది.

ఇక విద్యుత్తు సంగతి. సెకనుకు 50 లీటర్ల నీరు 150 డిగ్రీలతో పైకి వచ్చి, 70 డిగ్రీలకు చల్లబడినదనుకొందము. అది విడిచే వేడి సుమారు 16.8 మెగావాట్లు. అందులో పదవ వంతు విద్యుత్తుగా మారినచో 1.7 మెగావాట్లు దొరుకును. మానవపాడులో 3 కిలోమీటర్ల లోతునుండి వచ్చే 70 డిగ్రీల నీరు 45 డిగ్రీలకు చల్లబడితే విడిచే వేడి 5.2 మెగావాట్లు మాత్రమే. వేడి తక్కువైనకొద్దీ మార్పిడి సామర్థ్యమూ తగ్గును గనుక, దానిలో నూటికి అయిదు వంతులు మారినదనుకొంటే దొరికేది 260 కిలోవాట్లు. అంత నీటిని 500 మీటర్ల ఎత్తుకు సమానమైన ఒత్తిడితో నెట్టవలసి వచ్చినదనుకొంటే, ఏ నష్టమూ లేని పంపుకైనను 245 కిలోవాట్లు కావలెను. పుట్టిన విద్యుత్తు పంపుకే సరిపోవును. కుడిచేతితో తెచ్చినది ఎడమచేతితో ఇచ్చినట్లగును.

6. నీటి ప్రశ్న

నడిగడ్డ రైతుకు నీటి విలువ వేరుగా చెప్పనవసరం లేదు. తుంగభద్రపై రాయచూరు జిల్లాలోని రాజోలిబండవద్ద కట్టిన ఆనకట్ట కాలువక్రింద మన వైపు 87,500 ఎకరాల ఆయకట్టు నిర్ణయింపబడినది. అయినను కాలువ చివరి భూములకు నీరు చాలకపోవుట ఈ ప్రాంతపు దీర్ఘకాలిక సమస్య.

భూతాప పద్ధతిలో నీరు తిరిగి తిరిగి వాడబడునని చెప్పుట నిజమే. కాని లోపలికి పంపిన నీరంతయు తిరిగి రాదు. సెకనుకు 50 లీటర్లలో పదవ వంతు శిలలోనే పోయినదనుకొంటే, రోజుకు 4,32,000 లీటర్లు నష్టం. మనిషికి రోజుకు 100 లీటర్ల చొప్పున 4,320 మందికి సరిపోయే నీరు ఇది. అంతేకాక లోతునుండి వచ్చే నీటిలో లవణాలు, ఫ్లోరైడు వంటివి కరిగియుండవచ్చును. అట్టి నీరు త్రాగునీటి పొరలలో కలియకుండ బోరుకు ఇనుప గొట్టాలు, సిమెంటు కట్టుదిట్టంగా అమర్చవలెను.

7. భూకంపముల ప్రశ్న

అధిక పీడనంతో నీటిని పంపినప్పుడు శిలలోని పాత బీటలు జారి చిన్న చిన్న కంపనలు కలుగుట సహజం. ఒక్కొక్కప్పుడు అవి చిన్నవిగా ఉండవు. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 2006 డిసెంబరులో 3.4 పరిమాణంగల కంపన రాగా పని ఆపివేసినారు. దక్షిణ కొరియాలోని పొహాంగ్‌లో 2017 నవంబరు 15న సుమారు 5.5 పరిమాణంగల భూకంపం అనేకులను గాయపరచి, ఇండ్లను కూల్చినది. అక్కడి భూతాప ప్రయోగమే దానిని ప్రేరేపించినదని తరువాత జరిగిన అధికార విచారణలో నిర్ణయించినారు.

నీటికిని భూకంపాలకును గల సంబంధం మన దేశానికి కొత్త కాదు. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయనా ప్రాంతంలో వచ్చిన భూకంపాన్ని అక్కడి జలాశయంతో ముడిపెట్టి శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా అధ్యయనం చేయుచున్నారు. కాబట్టి ఏ ప్రాంతంలోనైనను బోరు వేయుటకు ముందే భూకంపమాపక యంత్రాలు నెలకొల్పి, ఏ స్థాయి కంపనకు పని ఆపవలెనో ముందుగా నిర్ణయించి, ఆ సంగతి చుట్టుప్రక్కల ప్రజలకు వారి భాషలో తెలుపవలెను. ప్రజల సమ్మతి కూడ సాధ్యాసాధ్య పరిశీలనలో ఒక భాగమే.

8. తెలుగునాట తగిన స్థలం ఏది?

మానవపాడు తగనంత మాత్రాన తెలుగు నేల అంతయు తగనిదని చెప్పరాదు. గోదావరి లోయ ఇందుకు భిన్నమైనది. అక్కడ భూమి పొడవుగా చీలి క్రుంగగా, ఆ పల్లంలో ఇసుకరాయి, బొగ్గు పొరలు వేల మీటర్ల మందాన పేరుకొన్నవి. ఇవి గోండ్వానా శిలలు. కర్నూలు శిలలకంటె ఎంతో చిన్న వయస్సుగలవి. వీటి ఇసుకరాయిలో ఖాళీలు ఇంకను మిగిలియున్నవి. పైకి వచ్చే ఉష్ణప్రవాహమూ కఠినశిలా ప్రాంతంకంటె ఎక్కువ.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు సమీపంలోని పగిడేరువద్ద బొగ్గు అన్వేషణ కొరకు వేసిన బోర్లనుండి వేడినీరు తనంతట తానే పైకి చిమ్మినది. అక్కడ సింగరేణి సంస్థ, కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ తోడ్పాటుతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక కేంద్రాన్ని చేపట్టినది. ఆ నీరు ఆవిరిగా టర్బైను త్రిప్పగలిగినంత వేడిది కాదు. అందుచేత తక్కువ వేడికే ఆవిరియగు వేరొక ద్రవాన్ని ఆ నీటితో మరిగించి, ఆ ఆవిరితో టర్బైను త్రిప్పే విధానం అవలంబించినారు. 20 కిలోవాట్లనగా అయిదు హార్స్‌పవర్ల మోటార్లు అయిదింటిని నడిపేంత శక్తి. పరిమాణం స్వల్పమే. కాని ఇక్కడ నీటిని నెట్టవలసిన పని లేదు, ప్రకృతియే నెట్టుచున్నది. మానవపాడు లెక్కలో పంపు మ్రింగివేసిన భాగం ఇక్కడ మిగులుచున్నది.

దేశం మొత్తంమీద 381 ఉష్ణస్థలాలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించినది. సుమారు 10,600 మెగావాట్ల అవకాశం కలదని అంచనా. లడఖ్‌లోని పుగా లోయలో 1 మెగావాటు కేంద్రం కొరకు ఓ.ఎన్.జి.సి. 2021లో ఒప్పందం చేసుకొన్నది. 2025లో కేంద్ర ప్రభుత్వం జాతీయ భూతాప శక్తి విధానాన్ని ప్రకటించినది. కృష్ణా గోదావరి ముఖద్వారాల అవక్షేప శిలలలో చమురు, గ్యాసు కొరకు వేసిన లోతైన బోర్లు కూడ పరిశీలించదగినవి. ఆ త్రవ్వకాల వ్యయం ఇదివరకే జరిగిపోయినది గనుక వాటిని తిరిగి వాడుకొనగలిగితే ఖర్చులో పెద్ద భాగం కలిసివచ్చును.

9. సాధ్యాసాధ్య పరిశీలనకు ఒక క్రమం

పై చర్చనుండి ఏ ప్రాంతానికైనను వర్తించే అయిదు ప్రశ్నలను వరుసగా వ్రాసికొనవచ్చును.

మొదటిది: చేరదగిన లోతులో చాలినంత వేడి కలదా? రెండవది: ఆ లోతువరకు అవక్షేప శిలయే ఉన్నదా, అడుగున కఠినశిల వచ్చుచున్నదా? మూడవది: నీరు నడిచే దారులు ఉన్నవా, తెరచితే తెరచియుండునా? నాలుగవది: నీరు ఎక్కడినుండి తేవలెను, ఎవరి వాటానుండి తేవలెను? అయిదవది: పుట్టిన శక్తిలోనుండి పంపుల ఖర్చు తీసివేయగా మిగిలేది ఎంత, దాని ధర సౌరశక్తికంటె నయమా?

ఈ ప్రశ్నలను ఈ వరుసలోనే అడుగవలెను. మొదటిదానికి “లేదు” అని సమాధానం వచ్చినచోట మిగిలిన నాలుగింటికొరకు ధనం వ్యయపరచుట వ్యర్థం. మానవపాడు మొదటి ప్రశ్నవద్దనే ఆగిపోవుచున్నది. గోదావరి లోయ మొదటి మూడింటిని ఆశాజనకంగా దాటి, చివరి రెండింటివద్ద నిలిచియున్నది.

అయినను మన ప్రాంత విద్యార్థులు చేయదగిన పని ఒకటి కలదు. పై లెక్కలో వాడిన 40 అనే అంకె విశాలమైన ప్రాంతపు పరిశీలనలనుండి తీసుకొన్నది. మన ఊరి నేలకు సరియైన అంకె మన ఊరి బోరులోనే దొరుకును. నీరు తోడుట మానిన లోతైన బోరును ఎన్నుకొని, కొన్ని వారాలు కదలించక ఉంచి, తీగకు కట్టిన ఉష్ణమాపకాన్ని దించి, ప్రతి పది మీటర్లకు ఒకసారి ఉష్ణోగ్రత వ్రాసికొనవలెను. పైనున్న కొన్ని పదుల మీటర్ల అంకెలను వదలి, అడుగుభాగపు పెరుగుదలను గీతపటంపై గుర్తించితే ప్రవణత తెలియును. బోరు యజమాని అనుమతి, అధ్యాపకుని పర్యవేక్షణ తప్పనిసరి. పని ముగియగానే బోరు మూతిని గట్టిగా మూసివేయవలెను. తెరచియుంచిన బోర్లు ఎందరో పసివారి ప్రాణాలు తీసినవి.

విజ్ఞానశాస్త్రం “సాధ్యం” అని చెప్పుట ఎంత ఉపకారమో, తగిన చోట “సాధ్యం కాదు” అని నిర్భయంగా చెప్పుటయు అంతే ఉపకారం. లెక్క చూడక నడిగడ్డలో కిలోమీటర్ల బోర్లు వేసినచో నష్టపోయేది ధనం మాత్రమే కాదు. కాలువ చివర ఎదురుచూచే రైతు నీరు కూడ. ఎండ పుష్కలంగాగల ఈ నేలకు సూర్యశక్తియే ప్రస్తుతం తగిన మార్గం. భూతాపం కొరకు గోదావరి లోయవైపు చూడవలెను. ఎవరైనను రేపు మన ఊరికి వచ్చి భూగర్భంనుండి విద్యుత్తు తీసి ఇస్తామని చెప్పినచో, పై అయిదు ప్రశ్నలను వరుసగా అడుగగలిగిన యువకుడు ప్రతి గ్రామంలోను ఒక్కడైనను ఉండుట మన విద్యకు సార్థకత.